డిపోలోకి ఎలక్ట్రిక్ బస్సులు రాకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాద్‌కు 2000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. 3 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాల కోసం 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవలో ఆంధ్రప్రదేశ్ నగరాలు కూడా ఉన్నాయి. ఇంత పెద్ద సంఖ్యలో బస్సులు దిగబోతున్నప్పుడు రాష్ట్రం మొత్తానికి కలిపి ‘సిద్ధంగా ఉన్నాం’ అని ఒక నివేదిక రాసేస్తే ఉపయోగం లేదు. లెక్క డిపోవారీగా తేలాలి. అదీ మామూలు రోజును పెట్టుకుని కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం, జులైలో కుండపోత కురిసే రాత్రి, తెల్లవారుజామున రెండింటికి ఫీడర్ (డిపోకు కరెంటు తెచ్చే లైను) పోయిన గంట... ఈ మూడింటినీ పెట్టి చూడాలి. ఈ మూడూ గట్టెక్కే డిపోలోకే మొదటి విడత బస్సులు పంపడం మంచిది.

ముందు రూట్లు, ఆ తర్వాతే ఛార్జర్లు

చాలాచోట్ల పని తలకిందులుగా మొదలవుతుంది. ఖాళీ ఉన్నచోట ఛార్జర్లు బిగించి, ఆ తర్వాత వాటికి సరిపోయే సర్వీసులు వెతుకుతారు. అసలు మొదట తీయాల్సింది షెడ్యూళ్ల చిట్టా. ఒక్కో బస్సు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతోంది, అందులో డెడ్ కిలోమీటర్లు (ప్రయాణికులు లేకుండా తిరిగేవి) ఎన్ని, మధ్యాహ్నం డిపోకు వస్తుందా రాదా, రాత్రి బయటే ఆగే నైట్ అవుట్ సర్వీసా, దారిలో ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి అని బస్సువారీగా రాసుకోవాలి.

12 మీటర్ల ఏసీ బస్సుకు 300 యూనిట్ల బ్యాటరీ ఉందనుకోండి. అడుగున 20 శాతం వదిలేస్తే వాడుకోగలిగేది 240 యూనిట్లు. కిలోమీటరుకు 1.2 యూనిట్లు తాగితే 200 కిలోమీటర్లు వెళ్తుంది. కాగితం మీద అందరూ చూపించే అంకె ఇదే. మే నెలలో ఏసీ పూర్తిగా నడిచి, ట్రాఫిక్‌లో కిలోమీటరుకు 1.4 యూనిట్లు తాగితే అదే బస్సు దాదాపు 170కే ఆగుతుంది. కొన్నేళ్లకు బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి దిగితే వాడుకోగలిగేది 192 యూనిట్లు, అంటే ఎండాకాలంలో 137 కిలోమీటర్లు. బస్సు కాంట్రాక్టర్లతో ఒప్పందాలు సాధారణంగా పది, పన్నెండేళ్లవి. కాబట్టి షెడ్యూలు వేసేటప్పుడు చూడాల్సింది ఈ చివరి అంకె. 200 కిలోమీటర్ల సర్వీసుకు మధ్యాహ్నం ఛార్జింగ్ తప్పదని మొదటిరోజే ఒప్పుకుంటే డ్యూటీ చార్టులు దానికి తగ్గట్టు వేసుకోవచ్చు. లేదంటే మూడో ఏడాదికల్లా ట్రిప్పులు కోసుకోవాల్సి వస్తుంది.

ఘాట్ రూట్లకు ఇంకో జాగ్రత్త ఉంది. బస్సు దిగుతున్నప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కరెంటును బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. బ్యాటరీ అప్పటికే నిండుగా ఉంటే ఆ కరెంటు తీసుకోలేదు. అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి. అందుకే తిరుమలలాంటి చోట కొండమీద బస్సును నూరు శాతం నింపి కిందికి వదలకూడదు. నింపడం కొండకింద జరగాలి, పైన ఛార్జ్ చేయాల్సి వస్తే కొంత ఖాళీ ఉంచాలి. ఎంత ఖాళీ అన్నది బస్సు కంపెనీతో రాతపూర్వకంగా తీసుకుని, డ్రైవర్ సీటు దగ్గర అతికించాలి.

కరెంటు లెక్క

50 బస్సుల డిపో. ఒక్కోటి 200 కిలోమీటర్లు, కిలోమీటరుకు 1.2 యూనిట్లు అంటే రోజుకు 12,000 యూనిట్లు. ఛార్జర్, కేబుల్, బ్యాటరీ దగ్గర పోయే నష్టం పది శాతం కలిపితే 13,200. ఇదంతా రాత్రి 11 నుంచి 5 లోపు ఎక్కించాలంటే సగటున 2,200 కిలోవాట్లు కావాలి, కనెక్షన్‌ను కొలిచే లెక్కలో సుమారు 2,300 కేవీఏ. మన రాష్ట్రాల నిబంధనల్లో ఉమ్మడి ఫీడర్ మీద 1,500 కేవీఏ వరకే 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఇస్తారు. ఉమ్మడి ఫీడరే అయితే, అది దాటాక 33 కేవీకి వెళ్లాలి. అంటే వేరే లైను, వేరే ట్రాన్స్‌ఫార్మర్, వేరే స్విచ్‌యార్డు స్థలం, నెలల సమయం.

కొందరు దీన్ని తప్పించుకునే దారి చెబుతారు. మూడోవంతుకు కాస్త తక్కువగా, 30 శాతం మధ్యాహ్నం ఎక్కించి, రాత్రి సమయాన్ని ఏడు గంటలకు పెంచితే 1,320 కిలోవాట్లు చాలు, దాదాపు 1,390 కేవీఏ, 11 కేవీలోనే సరిపోతుందని. లెక్క తప్పేమీ కాదు. కానీ అదే లెక్కను మే నెలకు వేసి చూడండి. 1.4 యూనిట్ల వాడకంతో రోజుకు 15,400 యూనిట్లు, రాత్రి వాటా 10,780, ఏడు గంటల్లో 1,540 కిలోవాట్లు, అంటే 1,620 కేవీఏ. పరిమితి దాటిపోయింది. పైగా ఇందులో గన్ను (బస్సుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్గు) మార్చే సమయం లేదు, ఒక ఛార్జర్ పాడైతే పరిస్థితి లేదు, గంటసేపు కరెంటు పోతే ఏం చేయాలన్నది లేదు. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, 40 బస్సులు దాటే డిపోకు 33 కేవీకే దరఖాస్తు పెట్టాలి. లేదా ఆ డిపోకు బస్సులు తగ్గించాలి. అంచున నిలిపిన డిపో మొదటి ఎండాకాలంలోనే సర్వీసులు రద్దు చేసుకుంటుంది.

మధ్యాహ్నం ఛార్జింగ్‌ను మాత్రం వదులుకోవద్దు. సోలార్ కరెంటు ఎక్కువగా ఉండే పగటివేళ ఈవీ ఛార్జింగ్‌కు రేటు తక్కువగా ఉంచాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) టారిఫ్ ఉత్తర్వులో ఆ వెసులుబాటు ఎంత ఉందో చూసి డ్యూటీ చార్టులు దానికి కలపాలి.

డిస్కంకు దరఖాస్తు పెట్టేటప్పుడు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి. మనకు వచ్చే ఫీడర్ ఏ సబ్‌స్టేషన్ నుంచి, గత ఏడాది ఆ ఫీడర్ ఎన్నిసార్లు, ఎంతసేపు పోయింది, రెండో ఫీడర్ వేరే సబ్‌స్టేషన్ నుంచి ఇవ్వగలరా. రెండు ఫీడర్లూ ఒకే సబ్‌స్టేషన్ నుంచి వస్తే అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పోయినరోజు రెండూ పోతాయి. డీజిల్ జనరేటర్ మీద ఆశ పెట్టుకోకండి. 500 కేవీఏ జనరేటర్ అయినా 120 కిలోవాట్ల గన్నులు మూడింటికి మించి మోయలేదు. అది లైట్లకు, కంట్రోల్ రూముకు, అంబులెన్సులా అత్యవసరంగా కదలాల్సిన ఒకటి రెండు బస్సులకు.

వర్షాకాలానికి ముందు

ఛార్జర్ దిమ్మె ఎంత ఎత్తులో కట్టాలన్నది డ్రాయింగులో ఉన్న అంకెను బట్టి కాదు, ఆ ప్రాంగణంలో ఇప్పటిదాకా నీళ్లు నిలిచిన అత్యధిక మట్టాన్ని బట్టి. పాత గ్యారేజీ సిబ్బందిని అడిగితే గోడమీద గుర్తు చూపిస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలాంటి పల్లపు ప్రాంతంలో డిపో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్, ఎల్‌టీ ప్యానెల్ (తక్కువ వోల్టేజీ స్విచ్ బోర్డు), ఛార్జర్ మూడూ ఆ గుర్తుకన్నా పైన ఉండాలి. కేబుల్ ట్రెంచ్‌లో చేరే నీళ్లు బయటికిపోయే వాలు, ఒక పంపు, ఆ పంపుకు ఛార్జర్లతో సంబంధం లేని వేరే కనెక్షన్ ఉండాలి.

వానల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, గన్ను పెట్టగానే ఛార్జర్ ట్రిప్ అవడం. ‘ఇన్సులేషన్ ఫాల్ట్’ అని తెర మీద చూపిస్తుంది. తొందరపడి ఛార్జర్ పాడైందనుకుంటారు. చాలాసార్లు కారణం గన్ను పిన్నుల మధ్య చేరిన తడి, లేదా నేలమీద పడేసిన గన్నులోకి చొచ్చిన బురద. ఛార్జర్ వందల వోల్టుల డీసీని వదిలేముందు లీకేజీ ఉందేమో చూసుకుంటుంది, తడి తగిలితే ఆగిపోతుంది. అది దాని పని, ఆ రక్షణను ఎవరూ తప్పించకూడదు. పొడిగుడ్డతో బయటివైపు తుడిచి, గన్నును హోల్డర్‌లో ముఖం కిందికి ఉండేలా వేలాడదీసి, ఇంకో గన్నుతో ప్రయత్నించండి. అదే బస్సు రెండో గన్ను దగ్గరా ట్రిప్ అయితే తప్పు బస్సులో ఉంది. దాన్ని పక్కకు తీయాలి. గన్నుల మీద రేకుల కప్పు లేకుండా డిపోను ఒప్పుకోవద్దు.

ఎర్తింగ్ విషయంలో చిన్న కిటుకు. ఎర్త్ రెసిస్టెన్స్‌ను (కరెంటు నేలలోకి దిగడానికి ఉండే అడ్డును) వానలు పడ్డాక కొలిచి ‘ఒక ఓమ్ లోపే ఉంది’ అని సంతకం చేస్తారు. తడి నేలలో ఎవరికైనా తక్కువే వస్తుంది. మేలో, నేల నెర్రెలిచ్చినప్పుడు కొలవాలి. ఇన్సులేషన్ మాత్రం జులైలో, గాలిలో తేమ నిండినప్పుడు కొలవాలి. రెండూ వాటి చెడ్డ కాలంలో పాసైతేనే పాసైనట్టు. పిడుగులు ఎక్కువ పడే కోస్తా, రాయలసీమ జిల్లాల్లో సర్జ్ ప్రొటెక్షన్ పరికరాల్లో (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఆపేవి) రంగు మారిన కార్ట్రిడ్జ్‌లను వానలకు ముందే మార్చండి.

రోడ్డు మీద నీళ్లుంటే ఎంత లోతు వరకు వెళ్లవచ్చన్నది కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకె ప్రతి డ్రైవర్‌కూ తెలియాలి. అంతకుమించిన నీళ్లలోంచి వచ్చిన బస్సును అలాగే ఛార్జింగ్‌కు పెట్టొద్దు. ముందు కనెక్టర్లు, బ్యాటరీ పెట్టెల సీళ్లు చూసి, ఇన్సులేషన్ కొలిచాకే. బస్సు కడిగే ప్రెషర్ గన్నును పైకప్పు బ్యాటరీలు, ఛార్జింగ్ మూత, నారింజ రంగు కేబుళ్ల వైపు తిప్పకూడదు.

తీరప్రాంతంలో తుపాను సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక రాగానే బస్సులన్నీ నింపి, ఎత్తయిన చోట నిలిపి, ఛార్జర్ల మెయిన్ బ్రేకర్ తీసేయాలి. తరలింపు పనులకు డీజిల్ బస్సులు కొన్ని విడిగా ఉంచాలి. అందుకే మొత్తం డిపోను ఒకేసారి ఎలక్ట్రిక్ చేయవద్దు.

ఎండలో

ఛార్జర్ లోపలి మాడ్యూళ్లకు ఫ్యాన్లు గాలి పీలుస్తాయి. గ్యారేజీ దుమ్ము, పక్కన నిలిచిన డీజిల్ బస్సుల మసి కలిసి ఫిల్టర్లు మూసుకుపోతే లోపలి వేడి పెరుగుతుంది, ఛార్జర్ తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది. 120 కిలోవాట్లు ఇవ్వాల్సిన గన్ను 70 దగ్గర ఆగిందంటే మొదట చూడాల్సింది ఫిల్టర్. మార్చి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి శుభ్రం చేసేలా రిజిస్టరు పెట్టండి.

మంటలు, మనుషులు

లిథియం బ్యాటరీ మంట పైకి ఆరినట్టు కనిపించినా లోపల సెల్లు నుంచి సెల్లుకు వేడి పాకి గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు. కావాల్సింది చిన్న సిలిండర్ కాదు, చాలా నీళ్లు, చాలాసేపు. ఫైర్ స్టేషన్ వాళ్లను ముందే డిపోకు పిలిచి బస్సులో మెయిన్ డిస్కనెక్ట్ (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్) ఎక్కడుందో, బ్యాటరీలు పైకప్పు మీదా వెనకా ఎలా ఉన్నాయో చూపించండి. అనుమానం ఉన్న బస్సును విడిగా నిలిపేందుకు చుట్టూ కనీసం 15 మీటర్లు ఖాళీ ఉన్న స్థలాన్ని గీత గీసి ఉంచాలి, అక్కడ ఇంకే బండీ పెట్టకూడదు. డీజిల్ బంకు, భూగర్భ ట్యాంకులు ఉన్నవైపు ఛార్జర్లు పెట్టొద్దు. బంకు లైసెన్సు డ్రాయింగు ముందేసుకుని స్థలం ఎంచుకోండి.

సిబ్బంది విశ్రాంతి గది కింద, పక్క గోడకు ఆనుకుని ఛార్జింగ్ పెట్టనే వద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు రేగి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. పొగ ముందు మెట్లను మూసేస్తుంది. నైట్ హాల్ట్ డ్రైవర్లు, కండక్టర్లు పడుకునే చోటుకు పొగ చేరే దారి ఉండకూడదు.

డీజిల్ ఇంజిన్‌తో ఇరవై ఏళ్లు పనిచేసిన మెకానిక్‌కు శబ్దం లేని బండి ప్రమాదకరం కాదనిపిస్తుంది. నారింజ కేబుళ్లలో ఉండేది ప్రాణం తీసే డీసీ. 1000 వోల్టులకు తగిన గ్లౌజులు, వాటిని వేసుకునే ముందు గాలి ఊది చిల్లులు చూసే అలవాటు, డిస్కనెక్ట్ తీశాక కంపెనీ చెప్పినంతసేపు ఆగి మీటరుతో సున్నా చూసుకోవడం, ఒంటరిగా ఎవరూ చేయి పెట్టకపోవడం తప్పనిసరి. రోడ్డు మీద ఆగిన బస్సును వెనక చక్రాలు నేలమీద దొర్లుతుండగా లాగకూడదు. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే వోల్టేజీ పుడుతుంది. చక్రాలు ఎత్తాలి, లేదా యాక్సిల్ షాఫ్టులు విప్పాలి. రికవరీ వ్యాన్ దానికి సరిపోతుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఇంకో చిన్న తంటా. బ్యాటరీ 80 శాతం చూపించిన బస్సు రెండు మూడు రోజులు నిలిపాక స్టార్ట్ కాదు. పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లకు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లకు) కరెంటిచ్చే 24 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. ప్రతి డిపోలో దానికి విడి ఛార్జర్ ఉండాలి.

చివరగా ట్రయల్ రాత్రి

ప్రారంభోత్సవానికి కనీసం రెండు వారాల ముందు, అన్ని గన్నులకూ బస్సులు తగిలించి పూర్తి లోడుతో ఒక రాత్రంతా నడపండి. గంటకోసారి ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉష్ణోగ్రత, కేబుల్ జాయింట్ల వేడి, ఒక్కో గన్ను ఇచ్చే కిలోవాట్లు రాయించండి. రెండింటికి ఫీడర్ ఆపించి, రెండో ఫీడర్‌కు మారడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఛార్జర్లు వాటంతట అవే మళ్లీ మొదలయ్యాయో లేక ఒక్కోదాని దగ్గరికీ మనిషి వెళ్లాల్సి వచ్చిందో చూడండి. ఆ సమయంలో డిపోలో నిర్ణయం తీసుకునేది ఆర్టీసీ మనిషా, బస్సు కాంట్రాక్టరు మనిషా అన్నది ఒప్పందంలో లేకపోతే ఆ రాత్రే తెలుస్తుంది. కిలోమీటరుకు ఇంత అని చెల్లించే ఒప్పందంలో కరెంటు పోయి ఆగిన ట్రిప్పుల నష్టం ఎవరిదో కూడా సంతకాలకు ముందే రాసుకోవాలి. ఉదయం ఐదుకు మొదటి సర్వీసు బయల్దేరేసరికి ఎన్ని బస్సులు 90 శాతం దాటాయో లెక్కపెట్టండి. షెడ్యూలుకు కావాల్సిన బస్సులన్నీ దాటకపోతే ప్రారంభం తేదీ జరపండి.