రికవరీ వాళ్లు చెప్పే బాకీ లెక్క తప్పైతే ఏం చేయాలి

రికవరీ ఏజెంటుతో ఫోన్లో ఎంత వాదించినా లెక్క మారదు. చార్జీ తీసేసే అధికారం అతనికి ఉండదు. అతని ముందున్న స్క్రీన్ మీద మామూలుగా మీ పేరు, ఫోన్ నంబరు, లోన్ నంబరు, రావాల్సిన మొత్తం లాంటివే కనిపిస్తాయి. అందుకే ముందుగా గొడవను ఫోన్ మీంచి కాగితం మీదికి, ఏజెంటు దగ్గర్నుంచి అప్పిచ్చిన సంస్థ దగ్గరికి మార్చాలి.

ఫోన్ వచ్చినప్పుడు ఇంతే చెప్పండి: "సార్, మీ పేరు, ఏజెన్సీ పేరు, లోన్ నంబరు చెప్పండి. ఈ బాకీ మీద నాకు అభ్యంతరం ఉంది. బ్యాంకుకు రాసి పంపుతున్నాను. ఇకమీద ఏదున్నా మెయిల్లో పంపండి." తర్వాత పెట్టేయండి. అతన్ని వదిలించుకోవడానికి "సరే, శుక్రవారం చూస్తా" అని మాత్రం అనకండి. వాళ్ల సిస్టమ్‌లో అది పీటీపీ, అంటే కడతానని మాటిచ్చినట్టు నమోదవుతుంది. శుక్రవారం దాటిందంటే ఫోన్లు ఇంకా పెరుగుతాయి. ప్రతి కాల్‌కూ తేదీ, టైము, నంబరు, అన్న మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. వీలైతే రికార్డు చేయండి.

లెక్క విప్పి చూడటం

బ్యాంకు నుంచి నాలుగు కాగితాలు అడగండి: లోన్ ఇచ్చిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఖాతా స్టేట్‌మెంట్, సంతకం పెట్టిన అగ్రిమెంటు, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ ఇచ్చేటప్పుడు వడ్డీ, చార్జీలన్నీ ఒకచోట చూపించే కాగితం), చార్జీల పట్టిక. ఏజెంటు వాట్సాప్‌లో పంపే స్క్రీన్‌షాట్ స్టేట్‌మెంట్ కాదు.

తప్పులు ఎక్కువగా దొరికేది పీనల్ చార్జీ, అంటే ఆలస్యానికి వేసే జరిమానా దగ్గరే. ఒక లెక్క చూడండి. ఈఎంఐ ₹8,450, ఇంకా మిగిలిన అసలు ₹1,80,000. ఈఎంఐ 20 రోజులు ఆలస్యమైంది. అగ్రిమెంటులో పీనల్ చార్జీ ఏడాదికి 24 శాతం. ఆగిపోయిన ఈఎంఐ మీద లెక్కేస్తే వచ్చేది ₹111. అదే 24 శాతాన్ని మిగిలిన అసలు మొత్తం మీద వేస్తే ₹2,367 అవుతుంది. స్టేట్‌మెంట్‌లో ఈ రెండో అంకె కనిపిస్తే పట్టుకోండి. కట్టడంలో ఆలస్యమైతే పీనల్ చార్జీ ఆగిపోయిన మొత్తం మీదే పడాలి. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాన్ని వడ్డీలా వేయకూడదు, అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ లాగకూడదు. కొత్త లోన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాతవాటికి ఆ ఏడాది జూన్ 30 లోపు ఈ పద్ధతి రావాలి. పైగా ఈ పీనల్ చార్జీ మీద జీఎస్టీ లేదని 2025 జనవరిలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. కాబట్టి పక్కన 18 శాతం కనిపిస్తే అదీ తీసేయమని అడగండి.

తర్వాత "ఫీల్డ్ విజిట్", "కలెక్షన్ చార్జీ", "లీగల్ ఫీజు" లాంటి వరసలు చూడండి. 2024 అక్టోబర్ 1 తర్వాత మంజూరైన రిటైల్ లోన్లలో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో లేని ఏ చార్జీనీ మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. "ఈ చార్జీ అందులో ఏ పేజీలో ఉంది?" అనే ఒక్క ప్రశ్నకే చాలా వరసలు మాయమవుతాయి. ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ వెనక్కి పోతే వేసే బౌన్స్ చార్జీ మాత్రం రెండు చోట్ల పడుతుంది, అప్పిచ్చినవాళ్లది ఒకటి, మీ సొంత బ్యాంకుది ఒకటి. రెండూ ఉండటం తప్పు కాదు. ఒకే ఈఎంఐకి అప్పిచ్చినవాళ్లు ఎన్నిసార్లు వేశారో లెక్కపెట్టండి.

క్రెడిట్ కార్డుకు నియమాలు వేరు. లేట్ ఫీజు గడువు దాటాక మిగిలిన బాకీ మీదే వేయాలి, బిల్లు మొత్తం మీద కాదు. బిల్లు మీద ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లోపు ఆధారాలతో జవాబివ్వాలి. కార్డు మూసేయమని అడిగాక, బాకీ ఏమీ లేకపోతే, 7 పనిదినాల్లో మూయాలి. లేదంటే రోజుకు ₹500 మీకే ఇవ్వాలి.

ఒక జాగ్రత్త. వివాదం చార్జీ మీదైతే ఈఎంఐ ఆపకండి. ఒప్పుకున్న మొత్తం కట్టి, "ఇది ఫలానా నెల ఈఎంఐకి మాత్రమే" అని మెయిల్ పెట్టండి. అంతా ఆపేస్తే ఆలస్యం రోజులు పెరుగుతూ సిబిల్, అంటే మీ అప్పుల చరిత్ర చూపించే రికార్డు, దెబ్బతింటుంది. అప్పుడు న్యాయం మీ వైపున్నా చేతికి అందదు.

అసలు ఆ అప్పే మీది కాకపోతే ఒకే ప్రశ్నతో మొదలుపెట్టండి: డబ్బు ఏ ఖాతాలో పడింది? ఆ ఖాతా నంబరు, కేవైసీ కాగితాలు, ఈఎంఐ మాండేట్ (ఖాతాలోంచి ఈఎంఐ తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి) కాపీ అడగండి. మీ పాన్‌తో ఎవరో లోన్ యాప్‌లో తీసుకున్నట్టు తేలితే వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు పెట్టి, ఆ ఫిర్యాదు నంబరును బ్యాంకుకు పంపండి. ఇంకో మాట. రిఫరెన్స్‌గా మీ నంబరు ఇచ్చినంత మాత్రాన మీరు గ్యారంటర్ కారు. సంతకం పెట్టకపోతే ఒక్క రూపాయీ బాకీ లేరు.

ఫిర్యాదు పెట్టడం

కస్టమర్ కేర్ చాట్ సరిపోదు. బ్యాంకు వెబ్‌సైట్లో ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) మెయిల్ పెట్టండి. కాపీని స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. ఏ పోస్టాఫీసైనా చాలు. మెయిల్లో కోపం వద్దు, అంకెలు చాలు: లోన్ నంబరు, ఏ తేదీన ఏ చార్జీ, ఎంత, ఎందుకు తప్పు, మీ లెక్కలో ఎంత రావాలి. చివర్లో ఈ వాక్యం తప్పకుండా పెట్టండి: "ఈ ఫిర్యాదు తేలేదాకా నా కేసును రికవరీ ఏజెన్సీకి పంపవద్దు." ఫిర్యాదు పెండింగులో ఉండగా బ్యాంకులు కేసును ఏజెన్సీకి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే చెప్పింది. పనికిమాలిన ఫిర్యాదులు పదేపదే పెడుతున్నారని బ్యాంకు ఆధారాలతో తేల్చుకుంటే మాత్రం ఈ రక్షణ ఉండదు. కాబట్టి ఒకే ఫిర్యాదు, గట్టిగా పెట్టండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆఫీసు చుట్టూ తిరిగే పనీ లేదు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్లో నింపితే చాలు, సందేహాలకు 14448. ఇక్కడ తిరస్కరణకు గురయ్యే ఫిర్యాదుల్లో కారణాలు మామూలువే: ముందు బ్యాంకుకు రాయలేదు, 30 రోజులు ఆగలేదు, అదే విషయం కోర్టులోనో కన్స్యూమర్ కమిషన్లోనో నడుస్తోంది, లేదా వకీలు చేత వేయించారు. మీరే వేయండి.

నష్టపరిహారం కావాలంటే కన్స్యూమర్ కమిషన్ మేలు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. హైదరాబాద్ నగరంలోనే ఉన్నా కూకట్‌పల్లి, ఉప్పల్ వాళ్లు మేడ్చల్-మల్కాజిగిరి కిందికి, ఎల్బీనగర్, గచ్చిబౌలి వాళ్లు రంగారెడ్డి కిందికి వస్తారని గుర్తుంచుకోండి. రెండేళ్లలోపు వేయాలి.

ఇంటికొస్తే, బెదిరిస్తే

ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదు. ఇంటికొచ్చిన మనిషి దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. వాటిని ఫోటో తీసుకోండి. లోపలికి రానివ్వాల్సిన అవసరం లేదు. వాచ్‌మన్‌కో, పక్క ఫ్లాట్ వాళ్లకో, ఆఫీసు రిసెప్షన్లోనో మీ బాకీ గురించి చెప్పి పరువు తీయడం నిషేధం. అది జరిగితే విన్నవాళ్ల చేత రెండు ముక్కలు రాయించుకోండి, ఫిర్యాదులో అదే బలమైన సాక్ష్యం.

పోలీస్ స్టేషన్లో "ఇది సివిల్ మ్యాటర్" అంటారు. అప్పు సివిలే. బెదిరింపు మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 351 కింద నేరం. అందుకే అర్జీలో బాకీ కథ రాయకుండా ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మాటతో బెదిరించారో రాయండి.

"రేపు పోలీసులు వచ్చి అరెస్టు చేస్తారు" అని వచ్చే వాట్సాప్ నోటీసులకు భయపడకండి, ఈఎంఐ కట్టలేకపోవడం ఒక్కటే అరెస్టుకు కారణం కాదు. నిజమైన కాగితాలను మాత్రం పక్కన పడేయొద్దు. చెక్ బౌన్స్ నోటీసు అందితే 15 రోజులే గడువు. మామూలు సివిల్ దావా సమన్లకు 30 రోజుల్లో జవాబు వేయాలి. అప్పిచ్చినవాళ్లు తామే ఎంచుకున్న ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తగాదా తేల్చే మధ్యవర్తి) పేరుతో నోటీసు పంపితే, ఏకపక్ష నియామకానికి ఒప్పుకోనని వెంటనే మెయిల్ పెట్టండి. ఇలాంటి నియామకం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. లోక్ అదాలత్‌లో సంతకం పెట్టారంటే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అంకె సరిపోతేనే పెట్టండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది, 15100కి ఫోన్ చేయండి.

పాత బాకీ అయితే తేదీ చూడండి. మామూలు లోన్ల మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గడువు దాటాక కూడా కడతానని రాసిచ్చారంటే దాని మీద దావా వేయొచ్చు. తేదీ తేలేదాకా ఏజెంటు చాపిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

రాజీకొస్తే కట్టాల్సిన మొత్తం, గడువు, "ఇంతటితో బాకీ పూర్తి" అనే మాట బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి వచ్చాకే కట్టండి. అదీ లోన్ ఖాతాకే, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. రాజీ చేసుకుంటే సిబిల్లో "సెటిల్డ్" అని పడుతుంది, తర్వాతి లోన్లకు అది అడ్డు. తప్పుడు చార్జీ తీసేయించి పూర్తిగా కట్టినవాళ్లకు "క్లోజ్డ్" అని పడాలి. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకున్న నెలకు సిబిల్ ఉచిత రిపోర్టు తెప్పించి చూడండి. తప్పుగా ఉంటే సిబిల్‌కే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు ₹100 చొప్పున మీకు ఇవ్వాలి.