ఏసీ రాగి పైపుకు ఆధారం ఎలా ఇవ్వాలి

గ్యాసు కారిపోయిందని ఎవరైనా పిలిస్తే నేను గ్యాసు ఒత్తిడి కొలిచే గేజి తీసే ముందు పైపు వెంట నడుస్తాను. ఎక్కడ వంగిందో, ఎక్కడ గోడకు రాసుకుంటోందో చూస్తాను. ఒక ఇంట్లో ఒకే ఫ్లేర్ నట్ (గరాటులా విప్పిన పైపు చివరను, అంటే ఫ్లేర్‌ను, యూనిట్‌కు బిగించే నట్) దగ్గర రెండుసార్లు లీకయింది. రెండుసార్లూ ఫ్లేర్ మళ్లీ చేసి గ్యాసు నింపి వచ్చాను. మూడోసారి ఫాల్స్ సీలింగ్ పలక తీయించాను. నాలుగు మీటర్ల పైపు గాలిలో వేలాడుతోంది, ఆ బరువంతా నట్ మోస్తోంది.

అందుకే పైపు చుట్ట విప్పకముందే క్లాంపుల చోట్లు గోడ మీద గీసుకోండి. గది ఏసీలకు వాడే సన్న పైపులు మెత్తనివి, త్వరగా జారతాయి. వాటికి నేను మీటరుకొక క్లాంపు వేస్తాను. కంపెనీ పుస్తకంలో అంతకన్నా దగ్గరగా వేయమని ఉంటే అదే పాటిస్తాను. ప్రతి వంపుకూ రెండు వైపులా ఓ జానెడు దూరంలో ఒక్కొక్కటి ఉండాలి. ఇండోర్ యూనిట్ దగ్గరి క్లాంపును నట్ బిగించక ముందే వేయాలి. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర మాత్రం మొదటి క్లాంపును కాస్త దూరం జరపండి. కంప్రెసర్ అదురును మింగడానికి అక్కడ పైపుకు ఓ పెద్ద వంపు కావాలి.

చాలామంది పట్టించుకోనిది ఇన్సులేషన్, అంటే పైపు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు. చల్లటి పైపు బరువు సన్నటి క్లాంపు మీద పడితే కింది రబ్బరు నలిగి పలుచబడుతుంది. సరిగ్గా అక్కడే చెమ్మ పట్టి నీరు కారుతుంది. ఇంటివారు డ్రెయిన్ పైపు మూసుకుపోయిందనుకుంటారు. దీనికి మందు సులువు: పీవీసీ పైపును నిలువునా చీల్చి, జానెడు ముక్కలు కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, ఇన్సులేషన్ కింద దోనెలా పెట్టండి. క్లాంపు ఆ దోనెను పట్టుకోవాలి. కేబుల్ టైతో రబ్బరును బిగించి కట్టినా ఇదే నష్టం, దయచేసి అలా కట్టకండి.

పొడవైన లైన్లలో రాగి సాగుతుందని గుర్తుంచుకోవాలి. పది మీటర్ల పైపు 50 డిగ్రీల తేడాకు సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు చివర్లా బిగిస్తే వంపుల దగ్గర ఒత్తిడి పడుతుంది. నేను మధ్యలో ఒక్కచోట గట్టిగా పట్టి, మిగతా క్లాంపుల్లో పైపు జరిగేలా వదులుతాను. నిలువు పైపుకూ అంతే. ఆ గట్టి పట్టు నేరుగా రాగి మీద వేస్తాను కాబట్టి రాగికీ క్లాంపుకూ మధ్య రబ్బరు పట్టీ తప్పనిసరి. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) క్లాంపు తడిలో రాగిని తాకితే తుప్పు పట్టిపోతుంది. తర్వాత క్లాంపుతో సహా ఇన్సులేషన్ చుట్టేయాలి.

పైపు గోడలోంచి వెళ్లే చోట స్లీవు (రంధ్రంలో పెట్టే గొట్టపు తొడుగు) వేయండి. డ్రెయిన్ పైపును రాగి పైపుకు వేలాడదీయకండి, దానికి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు నిలవాలంటే సొంత క్లాంపులు కావాలి.

సీలింగ్ మూసే ముందు పైపును మధ్యలో చేత్తో మెల్లగా నొక్కండి. నట్ దగ్గర కదలిక కనిపిస్తే ఇంకో క్లాంపు కావాలి. తర్వాత ఏసీని గంటసేపు కూలింగ్‌లో నడిపి, ప్రతి దోనె కిందా వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే పలకలు బిగించవచ్చు.