కార్తీక పౌర్ణమికి రాళ్ల కట్ట దగ్గర నీళ్లలో దిగేవాళ్లకు

మైపాడులో, కొత్తపట్నంలో సముద్ర స్నానాల రోజులొస్తున్నాయి. మాస్క్ పెట్టుకుని, ఒడ్డు నుంచి సముద్రంలోకి వేసిన రాళ్ల కట్టల దగ్గర చేపలు చూద్దామనుకునే తమ్ముళ్లు దిగేముందు ఇవి చూసుకోండి.

కట్టను ఆనుకుని ఈదొద్దు. ఈశాన్య రుతుపవనాల్లో మన ఒడ్డు వెంట నీరు ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. కట్టకు తగిలి సముద్రంలోకి మళ్లుతుంది, మనిషినీ లాక్కుపోతుంది. అలలు విరగకుండా నీరు నున్నగా కనిపించే చోటే చాలాసార్లు ఆ లాగుడు ఉంటుంది. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకండి. కట్టకు దూరంగా, ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి.

పెన్నకు వరదొస్తే మానుకోండి. బురద నీటిలో తెగిన వల కనబడదు. అది కాలికి చుట్టుకుంటే ఈత వచ్చినా ఉపయోగం లేదు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఇచ్చిందేమో ముందురోజే చూడండి.

రాళ్ల సందుల్లో చేయి పెట్టొద్దు. జెల్ల చేప ముల్లు విషం. రాళ్లకు పట్టిన గుల్లలు బ్లేడులా కోస్తాయి.

ఇసుకలో పాదాలు ఈడ్చుకుంటూ నడవండి, తోకలో విషపు ముల్లుండే టేకు చేప తప్పుకుంటుంది. ముల్లు గుచ్చితే కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

హార్బర్ ముఖద్వారంలో అసలే వద్దు. బోటు నడిపే అన్నకు నీటిలోని తల కనిపించదు.

ఒడ్డున ఒకరిని కాపలా పెట్టండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, అంబులెన్స్ 108.