టెక్స్ట్ మెసేజ్‌లో పెద్ద వీడియో పంపడం ఎలా

ఐఫోన్‌లో 1080పీ, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున నిమిషం వీడియో తీస్తే సుమారు 60 ఎంబీ అవుతుంది. 4కేలో 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికే 400 ఎంబీ. దాన్ని మామూలు టెక్స్ట్ మెసేజ్‌కి తగిలిస్తే ఎంఎంఎస్‌గా, అంటే బొమ్మలూ వీడియోలూ మోసే పాతరకం మెసేజ్‌గా వెళ్తుంది. ఎంఎంఎస్ మోసేదేమో, నెట్‌వర్క్‌ని బట్టి 300 కేబీ నుంచి మహా అయితే 3 ఎంబీ. 60 ఎంబీని ఒక ఎంబీలోకి ఇరికించాల్సి వస్తే ఫోన్ బొమ్మ సైజు కోసేస్తుంది, వివరాలు చెరిపేస్తుంది. అందుకే అవతలి ఫోన్‌లో ముఖాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. జిప్ చేసి పంపుదామనుకుంటే అదీ దండగే. వీడియో ఫైల్ అప్పటికే కుదించి ఉంటుంది కాబట్టి జిప్‌లో దాదాపు ఏమీ తగ్గదు.

కాబట్టి ముందు మీ మెసేజ్ ఏ దారిన వెళ్తోందో చూసుకోండి. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి అయితే మెసేజ్ బుడగ నీలం రంగులో ఉంటుంది, అది ఐమెసేజ్, అంటే ఎంఎంఎస్‌గా కాక ఇంటర్నెట్ మీద వెళ్తోందన్నమాట. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్ వాడుతుంటే టైప్ చేసే పెట్టెలో 'ఆర్‌సీఎస్' అని కనిపించాలి. ఇది ఇంటర్నెట్ మీద నడిచే కొత్తరకం మెసేజ్ పద్ధతి. ఆర్‌సీఎస్‌లో 100 ఎంబీ దాకా ఫైళ్లు వెళ్తాయి. కనిపించకపోతే యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, మెసేజెస్ సెట్టింగ్స్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ ఆన్ చేయండి. ఐఫోన్‌కి ఆర్‌సీఎస్ ఐఓఎస్ 18తో వచ్చింది, అయితే నెట్‌వర్క్ కూడా ఒప్పుకోవాలి. రెండువైపులా ఆన్‌లో ఉంటేనే పని జరుగుతుంది.

అంతకన్నా పెద్దదైతే, లేదా నాణ్యత తగ్గకూడదంటే, లింక్ పంపడమే సరైన పద్ధతి. గూగుల్ డ్రైవ్‌లో ఇలా:

1. గ్యాలరీలో వీడియో తెరిచి షేర్ నొక్కి డ్రైవ్ ఎంచుకోండి. ఉచిత ఖాతాలో 15 జీబీ చోటుంటుంది, కానీ అందులో మీ మెయిళ్లు, ఫోటోలు కూడా కలిసే ఉంటాయి.
2. అప్‌లోడ్ పూర్తయ్యేదాకా ఆగండి. సెకనుకు 5 మెగాబిట్ల వేగంతో 400 ఎంబీ ఎక్కడానికి దాదాపు 11 నిమిషాలు పడుతుంది. ఈలోగా వైఫై వదిలి వెళ్లకండి.
3. ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి, మేనేజ్ యాక్సెస్‌లో 'రెస్ట్రిక్టెడ్'ని 'ఎనీవన్ విత్ ద లింక్'గా మార్చండి. దాని పక్కన 'వ్యూయర్' (చూడటం మాత్రమే) అనే ఉండనివ్వండి.
4. లింక్ కాపీ చేసి మెసేజ్‌లో అతికించండి.

ఎక్కువమంది పొరబడేది మూడో మెట్టు దగ్గరే. అది మార్చకపోతే అవతలివాళ్లకు వీడియోకి బదులు 'అనుమతి అడగండి' అనే పేజీ వస్తుంది. పంపేముందు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (మీ ఖాతా లాగిన్ లేని విండో) తెరిచి లింక్ ఒకసారి నొక్కి చూస్తే ఇది తెలిసిపోతుంది. వీడియో ఇంకా ప్రాసెస్ అవుతోందని వస్తే కంగారేం లేదు, డౌన్‌లోడ్ మాత్రం అప్పుడే చేసుకోవచ్చు. డౌన్‌లోడ్ అయ్యాక శబ్దం వినిపించి బొమ్మ నల్లగా ఉంటే, వాళ్ల పాత ఫోన్‌కి హెచ్‌ఈవీసీ (ఐఫోన్ వీడియోని కుదించి దాచే కొత్త పద్ధతి) ఫార్మాట్ అర్థం కావడం లేదేమో. వాళ్ల ఫోన్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్‌తో తెరిచి చూడమనండి. ఇకపై తీసే వీడియోల కోసం ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో, ఫార్మాట్స్ కింద 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోండి.

మరో చిన్న చిక్కు. డ్రైవ్ లింక్ ఒక్కటే 80 అక్షరాలకు అటూ ఇటూ ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒక ఎస్‌ఎంఎస్ 160 అక్షరాలు పట్టుకుంటుంది కాబట్టి సరిపోతుంది. ఒక్క తెలుగు అక్షరం చేర్చారా, ఆ హద్దు 70కి పడిపోతుంది, పైగా గుణింతం గుర్తులన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'చూడు' అన్న మాటే నాలుగు. ఒక ఎస్‌ఎంఎస్ రెండు మూడుగా చీలి, అన్నింటికీ చార్జీ పడొచ్చు. లింక్ చివర చుక్క కూడా పెట్టకండి. కొన్ని ఫోన్లు దాన్ని చిరునామాలో కలిపేసుకుంటాయి.

ఐఫోన్‌లోని ఫోటోస్ యాప్‌లో 'కాపీ ఐక్లౌడ్ లింక్' ఇంకా సులువు, కాకపోతే ఆ లింక్ 30 రోజులే పనిచేస్తుంది. గూగుల్ ఫోటోస్ లింక్ కూడా పంపొచ్చు. కానీ తర్వాత చోటు కోసం అందులోంచి వీడియో తీసేస్తే ఫోన్‌లోది కూడా పోతుంది. ఒక్కసారి పంపి ఊరుకునే వీడియోకి డ్రైవే మేలు. అవతలివాళ్లు దించుకున్నామని చెప్పాక అక్కడ డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి. లేదంటే ఆ ఫైల్ 30 రోజులు మీ చోటు తింటూనే ఉంటుంది.