తుపాన్ల రోజుల్లో అరడజను ఫైటర్లు ఇంటికొచ్చి పడితే

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ఒంగోలు వైపు అల్పపీడనం అన్న మాట వినపడగానే ఊరెళ్లేవాళ్లూ, ఇంట్లోకి నీళ్లొస్తాయని భయపడేవాళ్లూ తమ పెంపుడు చేపల్ని తెలిసినవాళ్ల ఇంట్లో దించేసి పోతుంటారు. రంగు చేపల అంగళ్లుండే చెన్నై కొళత్తూరు నుంచి ఒకటి తెప్పిస్తే ఆరొచ్చే పార్సిళ్లూ ఉంటాయి. ఉన్నది ఒక చిన్న తొట్టి, మోటారు ఒక్కటి. వచ్చినవి ఆరు ఫైటర్లు, అంటే బెట్టాలనే రంగు చేపలు. కంగారు అక్కర్లేదు. గాలి మోటారు లేకుండా బతకగలిగిన చేపల్లో ఇదొకటి. తలలో మొప్పల పైన ఉండే ఒక ప్రత్యేక అవయవంతో పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే కరెంటు పోయిందని ఊపిరాడక చావదు. చచ్చేది మురికి నీళ్లతో, చలితో, పక్క చేపతో, లేదా మూత లేక ఎగిరి నేల మీద పడి.

ముందు ఒక లెక్క. ఆరు చేపలంటే ఆరు డబ్బాలు, అంతే. మగవి రెండు కలిస్తే కొట్టుకుంటాయన్నది అందరికీ తెలుసు. ఆడవైతే కలిపెయ్యొచ్చనేది సగం నిజం. ఇరుకు డబ్బాలో ఆడవీ తోకలు కొరుక్కుంటాయి. ఆడా మగా కలిపితే ఆడది నలిగిపోతుంది. తొట్టిలో మీ గప్పీలతో (చిన్న రంగు చేపలు) వేసినా చిక్కే, గప్పీ పొడవాటి తోక చూసి మగ ఫైటరు ఇంకో ఫైటరే అనుకుంటుంది. 'వీటికి గ్లాసుడు నీళ్లు చాలు, థాయిలాండులో వరి మళ్లలోనే బతుకుతాయట' అని కొందరు వాదిస్తారు. మన జిల్లాలో వరి మడి చూడని వాళ్లు ఎవరున్నారు? లోతు జానెడే గానీ, అంచు నుంచి అంచుకు ఎంత విస్తీర్ణం ఉంటుంది! గ్లాసులో ఆ విస్తీర్ణం ఉండదు. తాత్కాలికంగా ఒక్కోదానికి 4 నుంచి 5 లీటర్లు చూసుకోండి. 2 లీటర్లకు దిగితే రోజూ చాకిరీకి సిద్ధపడాలి.

డబ్బా సంగతి. కిరాణా కొట్లో బిస్కెట్లు, చాక్లెట్లు పోసే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు భేషుగ్గా పనికొస్తాయి. 5 లీటర్ల మంచినీళ్ల క్యాను మెడ కోసి వాడుకోవచ్చు. రాగి, ఇత్తడి, జింకు పూత బకెట్లు వద్దు. లోహం నీళ్లలోకి దిగి చేపను చంపుతుంది. ఊరగాయ జాడీ ఎంత తోమినా నూనె పొర పోదు, అదీ వద్దు. సబ్బు వాడకుండా ఉప్పుతో తోమి వేడినీళ్లతో కడగండి. మూతకి ఏడెనిమిది చిన్న చిల్లులు పెట్టాలి. కాల్చిన మేకుని మూత లోపలి వైపు నుంచి బయటికి గుచ్చండి. కరిగిన ప్లాస్టిక్ కొసలు బయటికి లేస్తాయి. బయటి నుంచి గుచ్చితే ఆ కొసలు లోపలికి వేలాడతాయి, గాలికి పైకొచ్చిన చేప మూతి గీసుకుపోతుంది. నీటిమట్టానికీ మూతకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. నిండా పోస్తే గాలి పీల్చే చోటే ఉండదు. డబ్బాల మధ్య అట్టముక్క అడ్డం పెట్టండి, ఒకదాన్నొకటి చూసి రోజంతా రెక్కలు విప్పుకుంటూ అలిసిపోతాయి.

పార్సిల్‌లో వచ్చినవైతే ఇంకో మెలిక ఉంది. చేప రోజంతా సంచిలో ఉంటే దాని విసర్జనతో నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. కానీ అది వదిలిన కార్బన్ డై ఆక్సైడు వల్ల నీళ్ల పీహెచ్ (పులుపు, క్షార గుణం చెప్పే అంకె) తగ్గి, ఆ అమ్మోనియా విషం కాని రూపంలోనే ఉంటుంది. సంచి విప్పగానే వాయువు బయటికి పోయి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. ఇది ఎంత తేడానో చూడండి: 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం అర శాతం మాత్రమే, 8 ఉంటే సుమారు 5 శాతం. కాబట్టి సంచి విప్పేసి దాంట్లోకి గంటలు గంటలు చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు. విప్పకుండా 20 నిమిషాలు డబ్బా నీళ్లలో తేలనిచ్చి వేడి సమానమయ్యాక విప్పి, ప్లాస్టిక్ కప్పుతో చేపను పట్టి కొత్త నీళ్లలో వేసెయ్యండి. సంచి నీళ్లు డబ్బాలోకి పోనివ్వకండి. గరుకు వలతో పడితే రెక్కలు చిరుగుతాయి. ఆ రోజుకి తిండి వెయ్యకండి.

ఇక నీళ్లు. అసలు పరీక్ష ఇదే. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వానల్లో మోతాదు ఇంకాస్త పెంచుతారు. వెడల్పాటి బకెట్లో పోసి 24 గంటలు మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. ఆగే టైము లేకపోతే సోడియం థయోసల్ఫేటు వాడాలి. రొయ్యల చెరువుల పుణ్యమా అని ఇది మనకు దొరకని వస్తువు కాదు, రొయ్యల మందుల కొట్టులో అడిగితే ఇస్తారు. 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకుని, లీటరు కుళాయి నీళ్లకి ఆ ద్రావణం 1 మిల్లీలీటరు కలపండి. క్లోరిన్ వాసన గట్టిగా కొడితే 2. అదే కొట్టులో అమ్మోనియా, పీహెచ్ కిట్లూ ఉంటాయి. ఒకటి కొనుక్కుంటే ఊహించుకునే పని తప్పుతుంది. కిట్టులో అమ్మోనియా సున్నా దాటి రంగు చూపిస్తే నీళ్లు మార్చాలి.

కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు గిన్నె అడుగున తెల్లగా పేరుకునే రకం. పీహెచ్ ఎక్కువుంటే పైన చెప్పిన లెక్క ప్రకారం అమ్మోనియా అక్కడ మరింత కరుస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు ఉప్పగా ఉంటుంది. నాలుకకి ఉప్పు తెలిసే నీళ్లు వాడకండి. అలాగని బబుల్ క్యాను నీళ్లు ఒక్కటే పోయడమూ తప్పే, అందులో లవణాలు పెద్దగా ఉండవు. బోరు సగం, క్యాను సగం కలపడం మేలు. ఏ నీళ్లు మొదలెట్టారో చివరి వరకూ అవే, ఆ పాళ్లలోనే. రోజుకో రకం పోస్తే చేప తట్టుకోదు. వాన నీళ్లు మేడ మీద పడి పైపులోంచి దిగినవైతే చేపకి పోయకండి.

మార్చే లెక్క: 2 లీటర్ల డబ్బాలో రోజూ సగం, 4-5 లీటర్లలో రోజు విడిచి రోజు మూడో వంతు, 10 లీటర్లుంటే నాలుగు రోజులకి పావు. మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్ పైపు తెచ్చి సూది తీసేస్తే అడుగున పడ్డ మురికిని లాగే సన్నని పైపు తయారు. నోటితో పీల్చకండి, ముందే నీళ్లు నింపి కిందికి దించండి. నీరసంగా ఉన్న చేప డబ్బాని చివర చెయ్యండి, మధ్యలో పైపు వేడినీళ్లతో కడగండి. ప్రతి డబ్బాకి టేపు అంటించి 'మంగళవారం ఉదయం, ఒకటిన్నర లీటరు' అని పెన్నుతో రాయండి. ఆరు డబ్బాల్లో ఏది మార్చామో మూడో రోజుకి ఎవరికీ గుర్తుండదు. తొలిరోజు అన్నీ హుషారుగానే ఉంటాయి, చావులు మొదలయ్యేది సరిగ్గా ఆ మూడు నాలుగు రోజుల మధ్యే. అప్పుడు 'ఏ రోగమో' అని మందులు పోస్తారు. రోగం కాదు, మురుగు.

తిండి రోజుకి రెండు మూడు గుళికలు. అంతకన్నా వెయ్యాలనిపిస్తే చెయ్యి కట్టేసుకోండి. పెద్ద చేప నాలుగైదు రోజులు పస్తున్నా ఏమీ కాదు. కరెంటూ నీళ్లూ లేని తుపాను రోజుల్లో తిండి ఆపేస్తే విసర్జన తగ్గి, నీళ్లు మార్చే పనీ వాయిదా పడుతుంది. తుపాను హెచ్చరిక రాగానే ముందస్తుగా డ్రమ్ము నింపుకోండి: ఆరు డబ్బాలు, రోజు విడిచి రోజు ఒకటిన్నర లీటరు చొప్పున ఆరు రోజులకి 27 లీటర్లు. ఒలికిపోయేది కలుపుకుని 35 పెట్టుకోండి. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు నీళ్ల కోసం పడ్డ తిప్పలు గుర్తున్నవాళ్లకి ఇది ఎక్కువనిపించదు.

వేడి 24 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. డిసెంబరు రాత్రుల్లో గది చల్లబడితే ఆరింటికీ ఆరు హీటర్లు అక్కర్లేదు. బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో డబ్బాలన్నీ నిలబెట్టి, డబ్బాల్లోని నీటిమట్టం కన్నా కాస్త తక్కువగా చుట్టూ నీళ్లు పోసి, ఆ బయటి నీళ్లలో 50 వాట్ల అక్వేరియం హీటరు ఒకటి ఉంచండి. బయటి నీళ్లు ఎక్కువైతే డబ్బాలు తేలి ఒరుగుతాయి. స్నానానికి నీళ్లు కాచే రాడ్డు మాత్రం పొరపాటున కూడా వద్దు, అది ఆగదు, షాకూ కొడుతుంది. హీటరు వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వదిలితే దాని మీద కారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోదు. కరెంటే లేకపోతే రొయ్యలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టెని బాగా కడిగి, డబ్బాల్ని అందులో దించి దుప్పటి కప్పండి. గాలాడటానికి మూత కొంచెం తెరిచి ఉంచండి.

బాదం చెట్టు కింద రాలిన ఎండిన గోధుమరంగు ఆకు ఒకటి కడిగి 10 లీటర్లకి వెయ్యొచ్చు, నీళ్లు టీ రంగుకి మారితే భయపడకండి. పచ్చాకు వద్దు. చెరువులోంచి గుర్రపుడెక్క, నాచు తేవద్దు, దాంతో పాటు ఏం వస్తుందో చెప్పలేం.

చాలామంది మర్చిపోయేది దోమల మందు. వానాకాలం కాబట్టి కాయిల్సు, ప్లగ్గు మెషీన్లు, స్ప్రేలు అన్నీ ఉంటాయి. వాటిలోని పైరెత్రాయిడ్ చేపలకి పెద్ద విషం. ఆ గదిలో ఏదీ వెలిగించకండి. వీధిలో పొగ కొట్టే బండి వస్తే కిటికీలు మూసి డబ్బాల మీద తడి గుడ్డ కప్పండి, ఆ పొగ పోయేదాకా. ఫినాయిల్ తుడుపూ కొన్నాళ్లు ఆపండి.

చేప రెక్కలు ముడుచుకుని మూలన పడుంటే, గాలి కోసం పదే పదే పైకొస్తుంటే ముందు నీళ్లు సగం మార్చి చూడండి. ఒంటి మీద సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వేస్తే బంగారు పొడి చల్లినట్టు కనబడితే అది వెల్వెట్ పరాన్నజీవి, ఆ డబ్బాకి వెలుతురు తగ్గించి వేరే గదిలో పెట్టండి. తెల్లటి చుక్కలైనా విడిగానే. మగ ఫైటరు నీళ్ల మీద నురగ గూడు కట్టిందని సంబరపడి ఆడచేపని వెయ్యకండి.

చేపల్ని తిరిగి ఇచ్చే రోజు ముందు ఒక పూట తిండి మానిపించి, రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి వేసి, మూడో వంతు నీళ్లు, రెండు వంతులు గాలి పెట్టి మూతి రెండుసార్లు మడిచి రబ్బరు బిగించండి. రెండు చేపల సంచులు ఒకదానికొకటి కనబడకుండా మధ్యన ఒక వార్తాపత్రిక మడత చుట్టండి.