హెచ్‌ఓ స్కేలులో బెంగళూరు మెట్రో వంతెన: కొలతలు, కోతలు, రంగులు

హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు ఉండే నమూనా రైళ్ల స్కేలు. అందులో రెండు మీటర్ల పీవీసీ పలక ఒకటి కోసి, కింద పిల్లర్లు అతికించి మెట్రో వంతెన అనుకోవడం చాలామంది చేసే పని. వేసవి రాగానే అది మధ్యలో ఉబ్బుతుంది. పీవీసీ వేడికి బాగా సాగుతుంది: 15 డిగ్రీల తేడాకు రెండు మీటర్ల పలక దాదాపు 2 మి.మీ. పెరుగుతుంది. పట్టా సాగేది అందులో పావు వంతు. అసలు వంతెనలో ప్రతి స్పాన్ (రెండు పిల్లర్ల మధ్య ముక్క) విడిగా బేరింగుల (ఆనించే దిమ్మెల) మీద కూర్చుంటుంది, రెండింటి మధ్య సందు ఉంటుంది. నమూనాలోనూ అదే పద్ధతి పాటించండి. వేడి బెడద తీరుతుంది, అద్దె ఇల్లు మారేటప్పుడు ఏ స్పాన్‌కు ఆ స్పాన్ ఎత్తి కాగితంలో చుట్టుకోవచ్చు, రంగు వేయడానికి చేతిలో తిప్పుకోవచ్చు.

మన రైళ్లలో హెచ్‌ఓకి అచ్చంగా సరిపోయేది మెట్రోనే. మామూలు రైళ్ల బ్రాడ్ గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 1676 మి.మీ.ను 87తో భాగిస్తే 19.3 వస్తుంది, కానీ బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. బెంగళూరు నమ్మ మెట్రోది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్ కాబట్టి లెక్క సరిగ్గా 16.5కి వస్తుంది. పైగా ఇక్కడ కరెంటు 750 వోల్టుల థర్డ్ రైల్ (పట్టాల పక్కనే ఉండే మూడో పట్టా) నుంచి వస్తుంది, పైన తీగలు, స్తంభాలు అక్కర్లేదు. చెన్నై మెట్రో కడితే అవి తప్పవు.

సామాను: 5 మి.మీ., 3 మి.మీ. సన్‌బోర్డు, 20 మి.మీ. కరెంటు కండ్యూట్ పైపు, పైపు సొల్యూషన్ (పీవీసీ జిగురు), 2 మి.మీ. కార్క్ షీటు, 2 మి.మీ. ఇత్తడి కడ్డీ, రాగి పూత ఉన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ముక్కలు. సన్‌బోర్డు పేరుతో రెండు రకాలు అమ్ముతారు. మొత్తం పీవీసీ ఉన్నదే కావాలి. రెండు కాగితాల మధ్య ఫోమ్ ఉన్న రకానికి సొల్యూషన్ గానీ స్ప్రే గానీ తగిలితే లోపల కరిగిపోతుంది. కొనేముందు తుంపు ముక్క మీద ఒక చుక్క థిన్నర్ వేసి చూడండి. బోర్డులు చేసే షాపుల్లో తుంపులు చవగ్గా దొరుకుతాయి. పీసీబీ ముక్కలకు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డు ఉండనే ఉంది.

ఒక స్పాన్‌కు పిల్లరు మధ్య నుంచి పిల్లరు మధ్యకు 320 మి.మీ. పెట్టుకోండి, అసలులో దాదాపు 28 మీటర్లు. డెక్ (పట్టా పరిచే పై పలక) 5 మి.మీ. పలక, 319 పొడవు, 110 వెడల్పు. ఆ తగ్గించిన 1 మి.మీ.యే సందు. డెక్ కింద 5 మి.మీ. పలకతో నాలుగు అడ్డుపలకలు: పైన 60, కింద 44, ఎత్తు 20. వాటికి రెండు పక్కలా 3 మి.మీ. పలక 22 వెడల్పుతో ఏటవాలుగా, అడుగున 50 వెడల్పు పలక. చివరి అడ్డుపలకలను 10 మి.మీ. లోపలికి జరిపి, వైర్లకు రంధ్రం పెట్టాకే అడుగు మూయండి. మూసేశాక గుర్తొస్తే విరగ్గొట్టడం తప్ప దారి లేదు. అతుకులకు సొల్యూషనే వాడండి. ఫెవిక్విక్ వెంటనే పట్టుకుంటుంది గానీ పెళుసు, స్పాన్ ఎత్తి దించుతుంటే ఊడిపోతుంది.

సెగ్మెంట్ గీతలు (కాంక్రీటు ముక్కల అతుకుల గీతలు) లేకపోతే అది గొట్టంలా కనిపిస్తుంది. మధ్యలో 35 మి.మీ. చొప్పున ఎనిమిది ముక్కలు, రెండు కొసల్లో 19.5 చొప్పున రెండు. కట్టర్ వీపుతో తేలిగ్గా గీస్తే చాలు, లోతుగా కోయకండి.

పిల్లరు పైపు 70 మి.మీ. దాని మీద 5 మి.మీ. పలకలు నాలుగు అతికి, సానపెట్టిన క్యాప్. ఆపైన 2 మి.మీ. రబ్బరు ముక్కలు బేరింగులుగా. గర్డరు (డెక్‌తో కలిపి ఆ పెట్టె) లోతు 28 కలిపితే డెక్ పై అంచు 120 మి.మీ. ఎత్తుకు వస్తుంది, అసలులో సుమారు 10.4 మీటర్లు. ఇంత ఎత్తుకు 2 శాతం వాలుతో ఎక్కించాలంటే 6 మీటర్ల పొడవు కావాలి, గదిలో అంత చోటు దొరకదు. అందుకే పట్టాను అంతటా ఒకే మట్టంలో ఉంచి, రోడ్డునే కిందకు దించడం మేలు. పైపు అడుగున చెక్క బిరడా బిగించి, 12 మి.మీ. ప్లైవుడ్ కింద నుంచి అంగుళం స్క్రూ వేయండి. బిరడా పక్కన గాడి తీస్తే వైర్లు దిగుతాయి. ఎత్తు తేడా వస్తే పైపు కింద అట్టముక్క పెట్టి సరిచేయాలి, క్యాప్‌ను అరగదీయకూడదు.

క్యాప్ మీద ప్రతి స్పాన్ కొసకు ఒక ఇత్తడి పిన్ను నిలబెట్టి, గర్డరు అడుగున ఒక కొసలో గుండ్రటి రంధ్రం, రెండో కొసలో పొడవాటి గాడి పెట్టండి. రెండూ గుండ్రంగా పెడితే వేసవిలో స్పాన్ బిగుసుకుంటుంది. పట్టా కొసల్లో ప్లాస్టిక్ స్లీపర్లు రెండు తీసి, పీసీబీ ముక్కల మీద పట్టాను సోల్డర్ చేయండి, అప్పుడు కొస జరగదు. ముక్క మధ్యలో రాగిని గీకి తెంచడం మరిచిపోతే షార్ట్ అవుతుంది. ప్రతి స్పాన్‌కు ఫీడర్ వైర్లు (పట్టాకు కరెంటు ఇచ్చేవి) వేరుగా ఇచ్చి, బోర్డు కింద కనెక్టర్ స్ట్రిప్‌లో బిగిస్తే స్పాన్ తీసేటప్పుడు స్క్రూ వదులు చేస్తే చాలు. పట్టా కింద కార్క్ లేకపోతే ఈ బోలు పెట్టె డప్పులా మోగుతుంది.

రెండు లైన్ల మధ్య దూరం నేరు దారిలో 50 మి.మీ. మలుపులో అది చాలదు. 600 మి.మీ. వ్యాసార్ధంలో 240 మి.మీ. రైలు పెట్టె మధ్య భాగం లోపలికి 6, కొసలు బయటికి 6 మి.మీ. వస్తాయి, కాబట్టి 56 చేయండి. మలుపులో స్పాన్‌ను 220కి తగ్గించి, డెక్‌ను మాత్రం వంపుగా కోస్తే గర్డరు తిన్నగా ఉన్నా కళ్లకు తెలియదు. పక్కగోడలు (3 మి.మీ. పలక, 14 ఎత్తు) అతికించే ముందు మీ దగ్గరున్న రైలు పెట్టెల్లో అన్నిటికన్నా పొడవైనదాన్ని రెండు లైన్ల మీదా చేత్తో తోసి చూడండి.

రంగుకు ముందు పైపును 220 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. నున్నటి పైపు మీద వేసిన రంగు గోరుతో లేచిపోతుంది. బూడిద ప్రైమర్ పలచగా రెండు పూతలు. కాంక్రీటు రంగు నలుపు, తెలుపు కలిపితే రాదు, నీలంగా కొడుతుంది. యాక్రిలిక్ తెలుపు 8 పాళ్లు, ఎల్లో ఆకర్ 1, రా అంబర్ 1, నలుపు సూది మొనంత. ఒక్కో స్పాన్‌కు రంగు కాస్త మార్చండి. నిజమైన కాంక్రీటు ఏ రెండు చోట్లా ఒకేలా ఉండదు, వంతెన నమ్మించేది అక్కడే.

ఆరాక ఒక పాలు రా అంబర్, 12 పాళ్ల నీళ్లు, చుక్క గిన్నెల సబ్బు కలిపి గీతల్లోకి దించండి. వాన మరకలు స్పాన్ సందుల కింద, క్యాప్ అంచున, నీటి గొట్టం పక్కన మాత్రమే పడాలి. అన్నిచోట్లా పూస్తే మురికి వంతెన అవుతుంది తప్ప పాత వంతెన కాదు. పిల్లరు అడుగున 12 మి.మీ. దాకా ఎర్రమట్టి రంగును స్పాంజితో అద్దండి. దాని కింద పసుపు, నలుపు పట్టీలు సగం మాసి కనపడాలి.

చివరగా మ్యాట్ వార్నిష్. వానాకాలపు తేమలో స్ప్రే చేస్తే తెల్లటి పొర కట్టేస్తుంది. ఎండ కాసిన రోజు పొద్దెక్కాక, పలచగా రెండు సార్లు వేయండి. పట్టా మీద పడినదాన్ని ఆరకముందే గుడ్డతో తుడిచేయాలి. ఆరిపోతే కరెంటు అందక రైలు ఆగి ఆగి నడుస్తుంది.