సిజేరియన్ తేదీ ఇచ్చాక కడుపు విషయంలో చూసుకోవాల్సినవి

సిజేరియన్‌లో పేగులను కోయరు. పొట్ట తెరిచి, గర్భసంచి మీద కోత పెట్టి, బిడ్డను తీసి కుట్లు వేస్తారు. అయినా రెండో రోజుకి చాలామంది బాలింతలను కుట్ల నొప్పి కన్నా పొట్ట ఉబ్బరమే ఎక్కువ బాధపెడుతుంది. దీనికి కారణం ఒక్కటి కాదు. నెలలు నిండేసరికి ప్రొజెస్టిరాన్ హార్మోను వల్ల పేగుల కదలిక అప్పటికే మందగించి ఉంటుంది. పొట్ట తెరిచినప్పుడు ఆ కదలిక ఇంకొంచెం ఆగుతుంది. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, మార్ఫిన్ లాంటి మందులు దాన్ని మరింత నెమ్మది చేస్తాయి. పైగా మంచం మీద నుంచి కదలరు, కడుపులో ఏమీ ఉండదు. ఇంటికొచ్చాక పొడి అన్నం, తక్కువ నీళ్ళతో మన పథ్యం కూడా వీటికి తోడవుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దాదాపు ప్రతి ఇంటికీ పనికొచ్చే విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తున్నాం.

ఆపరేషన్‌కు ముందు వారం

మలబద్ధకంతో ఆపరేషన్‌కు వెళ్తే తర్వాతి నాలుగు రోజులు నరకం. వారం ముందు నుంచే మోషన్ సాఫీగా అయ్యేలా చూసుకోండి. రోజుకు రెండున్నర లీటర్ల దాకా నీళ్ళు తాగండి. బీరకాయ, పొట్లకాయ, ఆకుకూర పప్పు, జామపండు తినండి. ఐరన్ మాత్ర వల్ల మలం నల్లగా, గట్టిగా రావడం మామూలే. మలబద్ధకం ఎక్కువగా ఉంటే మాత్రను మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి, రకం మారుస్తారు. రక్తం తక్కువగా ఉండి ఆపరేషన్‌కు వెళ్ళడం మలబద్ధకం కన్నా పెద్ద ప్రమాదం. ఐరన్‌ను టీ, కాఫీ, పాలతో వేసుకోకండి. క్యాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

ఛాతీలో మంట ఉన్నవాళ్ళు రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచుకుని, తల వైపు ఎత్తుగా పెట్టుకుని ఎడమ వైపు తిరిగి పడుకోవాలి. కడుపు శుభ్రం కావాలని ఆముదం తాగకండి. విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంది, నొప్పులు కూడా మొదలవ్వొచ్చు. ఎనిమా కూడా ప్రతి ఒక్కరికీ అక్కర్లేదు. పేగులు కోసే ఆపరేషన్ కాదు కాబట్టి ముందుగా వాటిని ఖాళీ చేయాల్సిన పని లేదు.

ఏది ఎప్పటిదాకా తినొచ్చు

ఖాళీ కడుపుతో రమ్మనడానికి బలమైన కారణం ఉంది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. న్యూయార్క్ డాక్టర్ కర్టిస్ మెండెల్సన్ 1946లో కాన్పుల్లో ఈ ప్రమాదాన్ని వివరించారు, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి చేసే ఆపరేషన్‌కీ ఇదే జాగ్రత్త. అవసరమైతే మధ్యలో పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు కదా.

లెక్క ఇలా వేసుకోండి. బిర్యానీ, మాంసం, పూరీ, నూనె ఎక్కువున్న ఏ తిండైనా ఆపరేషన్‌కు 8 గంటల ముందే ఆపాలి. ఇడ్లీ, పెరుగన్నం లాంటి తేలిక తిండికి 6 గంటలు. పాలు, పాలు కలిపిన టీ, మజ్జిగ, రాగిజావ చూడ్డానికి ద్రవాలే అయినా కడుపులో గడ్డకట్టి తిండిలాగే నిలుస్తాయి కాబట్టి వాటికీ 6 గంటలే. మంచినీళ్ళు, పాలు లేని టీ, గుజ్జు లేని పండ్ల రసం మాత్రం 2 గంటల ముందు దాకా తాగొచ్చు.

మన దగ్గర ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టుకునేవాళ్ళు చాలామంది. ముహూర్తం ఉదయం 5:40కి అయితే రాత్రి భోజనం తేలిగ్గా 9 లోపు ముగించండి, నీళ్ళు 3:30 దాకా తాగొచ్చు. 11 గంటలకు అయితే రెండు ఇడ్లీలు తెల్లవారుజామున 5 లోపు తినొచ్చు, నీళ్ళు 9 దాకా. చాలా ఆసుపత్రుల్లో అందరికీ ఒకే మాట చెప్తారు: రాత్రి పది తర్వాత ఏమీ ముట్టొద్దని. మధ్యాహ్నం ఆపరేషన్ ఉన్నవాళ్ళు అలా పద్నాలుగు పదిహేను గంటలు నోరెండిపోయి ఉండాల్సిన పని లేదు. ముందురోజే మత్తు డాక్టర్‌ను అడగండి: “నీళ్ళు ఎన్ని గంటల దాకా తాగొచ్చు?” టైము వెనక్కి జరిగితే మళ్ళీ అడగండి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, నొప్పులు మొదలైనవాళ్ళు, ఛాతీ మంట బాగా ఎక్కువున్నవాళ్ళు ఈ లెక్కతో పోకుండా తమ డాక్టర్ చెప్పిన సమయాలే పాటించాలి. ఆ ఉదయం ఇన్సులిన్ ఎంత అన్నది కూడా ముందే రాయించుకోండి.

థియేటర్‌లోకి వెళ్ళేముందు యాసిడ్ తగ్గడానికీ, వాంతి రాకుండానూ మందులు ఇస్తారు. ఏమీ తినకుండా గ్యాస్ మందు ఎందుకని వద్దనకండి. ఖాళీ కడుపులోనూ యాసిడ్ ఊరుతుంది. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి కడుపులో తిప్పినట్టు, కళ్ళు తిరిగినట్టు అనిపిస్తే వెంటనే మత్తు డాక్టర్‌కు చెప్పండి. చాలాసార్లు అది బీపీ పడిపోతోందని గుర్తు, మందు ఇస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది.

మొదటి రోజు

“గ్యాస్ పోయాకే తిండి” అనేది పాత పద్ధతి. సాఫీగా జరిగిన సిజేరియన్ తర్వాత తొందరగా తినడం మొదలుపెడితేనే పేగులు తొందరగా కదులుతాయి. సిజేరియన్ తర్వాత త్వరగా కోలుకోవడం కోసం 2019 ప్రాంతంలో వచ్చిన అంతర్జాతీయ సూచనలు రెండు గంటల్లోపే మామూలు తిండి మొదలుపెట్టొచ్చంటాయి. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా నాలుగు నుంచి ఆరు గంటలు ఆపుతారు. ఏ గంటకు మొదలుపెట్టినా వరస ఇదీ: ముందు రెండు మూడు చెంచాల నీళ్ళు. పావుగంట చూసి, వాంతి భావం లేకపోతే నాలుగు గుక్కలు. తర్వాత అరగ్లాసు. అది నిలిస్తే పల్చటి జావ గానీ, సాంబారులో నానిన ఒక ఇడ్లీ గానీ. వాంతి అయితే గంటసేపు ఆపి, మళ్ళీ చెంచాతోనే మొదలుపెట్టాలి. ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోయినా, పేగులకు గానీ మూత్రాశయానికి గానీ దెబ్బ తగిలినా లెక్క వేరు. అప్పుడు డాక్టర్ చెప్పేదాకా చుక్క కూడా ఇవ్వకూడదు.

ఆ రోజు సోడా, కూల్‌డ్రింకులు వద్దు. స్ట్రాతో తాగితే గాలి కూడా లోపలికి పోతుంది, గ్లాసుతో తాగించండి. పాలు తాగాక ఉబ్బరం పెరిగేవాళ్ళకి రెండు రోజులు పాలు ఆపి మజ్జిగ ఇవ్వండి. తిండి మొదలుపెట్టడం ఆలస్యమయ్యే పక్షంలో చక్కెర లేని చూయింగ్ గమ్ ఒక ఉపాయం. రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ అరగంట నమిలితే తిండి వచ్చిందనుకుని పేగులు కదులుతాయి.

గ్యాస్ మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది, మోషన్ రెండు నుంచి నాలుగు రోజుల్లో అవుతుంది. మూడో రోజు దాకా మోషన్ కాకపోయినా, గ్యాస్ పోతూ, తిండి నిలుస్తూ, పొట్ట మెత్తగా ఉంటే కంగారు పడక్కర్లేదు.

ఉబ్బరం, గ్యాస్ నొప్పి

అన్నింటికన్నా పని చేసేది నడక. కాళ్ళకు స్పర్శ పూర్తిగా వచ్చి, నర్సు సరేనన్నాక లేవాలి. నేరుగా పైకి లేస్తే కుట్ల మీద భారం పడుతుంది. ముందు మోకాళ్ళు ముడిచి, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్ళు మంచం కిందికి వేలాడేసి, మోచేత్తో నొక్కి పైకి రావాలి. రెండు నిమిషాలు కూర్చుని, తల తిరగకపోతే నిలబడాలి. మొదటిసారి మనిషి పక్కన ఉండాల్సిందే. తర్వాత రెండు మూడు గంటలకోసారి ఐదు నిమిషాలు వరండాలో నడిస్తే చాలు. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు చిన్న దిండును కుట్ల మీద అదిమి పట్టుకోండి.

పడుకున్నప్పుడు ఎడమ పక్కకు తిరిగి మోకాళ్ళు పైకి ముడుచుకుంటే గ్యాస్ కదులుతుంది. భుజం మీద పోటు వస్తే భయపడకండి. లోపల మిగిలిన గాలి, రక్తం ఊపిరితిత్తుల కింది పొరను రాపాడితే ఆ నరం ద్వారా నొప్పి భుజంలో తెలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆయాసమో, ఛాతీ నొప్పో తోడైతే మాత్రం వెంటనే చెప్పాలి. స్పర్శ రాకముందు పొట్టకు గానీ కాళ్ళకు గానీ వేడినీళ్ళ సంచి పెట్టకండి, కాలినా తెలియదు. పొట్ట రుద్దించడం వద్దు.

ఉబ్బరంలాగే కనిపించే ఇంకోటి ఉంది: నిండిపోయిన మూత్రాశయం. మూత్రం గొట్టం తీసిన ఆరు గంటల్లో మూత్రం రాకపోయినా, చుక్కలు చుక్కలుగా వస్తూ పొత్తికడుపు ఉబ్బినా గ్యాస్ మందు కాదు, నర్సును పిలవాలి.

మొదటి మోషన్

కుట్లు ఊడతాయన్న భయంతో చాలామంది బిగబట్టుకుంటారు. మామూలుగా మోషన్‌కు కూర్చుంటే కుట్లు ఊడవు. బిగబట్టే కొద్దీ మలంలో నీరు ఇంకిపోయి రాయిలా అవుతుంది. వచ్చిందనిపించిన వెంటనే వెళ్ళండి. కమోడ్ మీద కూర్చుని పాదాల కింద జానెడు ఎత్తు పీట పెట్టుకోండి, మోకాళ్ళు నడుము కన్నా పైకి రావాలి. కాస్త ముందుకు వంగి, దిండును కుట్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టకుండా నోటితో నెమ్మదిగా వదులుతూ ముక్కండి. పది నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయండి.

మలం గట్టిగా ఉంటే లాక్టులోజ్ సిరప్ రాత్రిపూట 15 మి.లీ. ఇవ్వడం మామూలు. ఇది రక్తంలోకి పెద్దగా చేరదు, పాలిచ్చే తల్లులకు ఇబ్బంది లేదు. ఒకటి రెండు రోజులు పడుతుంది, మొదట్లో ఉబ్బరం కొంచెం పెంచొచ్చు. ఇసబ్‌గోల్ అయితే ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. నీళ్ళు తక్కువైతే అదే లోపల ముద్దకట్టి అడ్డం పడుతుంది. గ్యాస్ అసలు పోకుండా పొట్ట బిగిసి ఉన్నప్పుడు ఇసబ్‌గోల్ గానీ, ఏ విరేచనాల మందు గానీ ఇవ్వకూడదు.

నొప్పి మందుల్లో ట్రమడాల్, కోడీన్ ఉన్నాయేమో చీటీలో చూసుకోండి. ఇవి మలబద్ధకం చేస్తాయి, పాల ద్వారా బిడ్డకూ చేరతాయి. పాలిచ్చేవాళ్ళకు ఈ రెండూ వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్‌తో సరిపోతుందేమో డాక్టర్‌ను అడగండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ తిన్న తర్వాతే వేసుకోవాలి.

ఇంటికొచ్చాక పథ్యం

వెల్లుల్లి కారం, శొంఠి, వాము, పాత బియ్యం అన్నం, నెయ్యి: వీటితో పేచీ లేదు. పేచీ అంతా నీళ్ళ దగ్గరే. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనీ, కుట్లు చీము పడతాయనీ బాలింతకు గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కుట్లు చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. తాగిన నీళ్ళకూ, తిన్న పప్పుకూ దానితో సంబంధం లేదు. నీళ్ళు తగ్గిస్తే మలం గట్టిపడుతుంది, మూత్రంలో మంట వస్తుంది. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగిస్తే రోజుకు సరిపడా తాగినట్టే. ఇష్టమైతే గోరువెచ్చగా, జీలకర్రో వామో వేసి కాచి ఇవ్వండి, పెద్దవాళ్ళూ కాదనరు.

పొడులకు తోడు పూటకో కూర ఉండాలి: బీరకాయ, పొట్లకాయ, సొరకాయ, మునగాకు, పాలకూర. కందిపప్పు, పెసరపప్పు పల్చగా చేసి పెట్టొచ్చు. మగ్గిన బొప్పాయి, అరటిపండు కాన్పు తర్వాత నిరభ్యంతరంగా తినొచ్చు. వారాల తరబడి పాలూ బ్రెడ్డూ పెడితే మలబద్ధకం ఖాయం. తల్లి తిన్నదాంతో తల్లి పొట్టలో పుట్టిన గ్యాస్ పాలలోకి పోదు, బిడ్డ ఏడ్చినప్పుడల్లా తల్లి పళ్ళెంలోంచి ఒక్కో కూరా తీసేయకండి.

నడికట్టు నడిచేటప్పుడు కొంత ఊరటనిస్తుంది. పక్కటెముకల కింద దాకా బిగిస్తే మాత్రం తిన్నది పైకి తన్నుతుంది. తినేటప్పుడు, పడుకున్నప్పుడు వదులు చేయండి. నెయ్యి దండిగా తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద గంటల తరబడి నొప్పి వస్తుంటే పిత్తాశయంలో రాళ్ళున్నాయేమో స్కానింగ్ తీయించాలి.

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం ఐరన్ మాత్ర కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. మలబద్ధకం ఉన్నా మానకుండా, నీళ్ళూ కూరలూ పెంచి కొనసాగించండి. నల్లటి మలం ఐరన్ వల్లే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం రక్తస్రావం కావచ్చు.

గ్యాస్ అనుకుని ఆగకూడనివి

పొట్ట పైభాగంలో, ముఖ్యంగా కుడివైపు నొప్పి, దానితో తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, వాపు ఉంటే అది బీపీ వల్ల కావచ్చు. ఆపరేషన్‌కు ముందూ రావచ్చు, కాన్పయ్యాక ఆరు వారాల దాకానూ రావచ్చు. వెంటనే బీపీ చూపించాలి. ఇలాంటప్పుడు యాంటాసిడ్ తాగించి తెల్లారేదాకా చూడటం ప్రాణాంతకం.

పొట్ట గంట గంటకూ ఉబ్బుతూ గట్టిపడటం, ఆకుపచ్చ వాంతులు, గ్యాస్ పూర్తిగా ఆగిపోవడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గుండెదడ: వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పెద్దపేగు కదలిక ఆగి ఉబ్బిపోయే ఓగిల్వీ సిండ్రోమ్ సిజేరియన్ తర్వాత అరుదుగా వస్తుంది. అందులో కొంచెం గ్యాస్ పోతున్నా పేగు ఉబ్బుతూనే ఉంటుంది, వదిలేస్తే చిల్లు పడుతుంది. యాంటీబయాటిక్ వాడాక రోజుకు మూడు కన్నా ఎక్కువసార్లు నీళ్ళ విరేచనాలు అవుతున్నా, రక్తం పడినా డాక్టరుకు చెప్పాలి.

ఫోన్ చేసేటప్పుడు ఇవి సిద్ధంగా పెట్టుకోండి: చివరిసారి గ్యాస్ ఎప్పుడు పోయింది, మోషన్ ఎప్పుడు అయింది, వాంతి రంగేమిటి, జ్వరం ఎంత, మూత్రం ఎప్పుడు పోసింది, ఈ రోజు ఏ మందులు వేసుకుంది. బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి, డిశ్చార్జ్ కాగితాలు వెంట తీసుకెళ్ళండి.